వెండి పట్టీల పందెం

అరుణజ్యోతి కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి కిష్టమ్మకు ఒకటే ధ్యాస, ఆడపిల్ల పుట్టాలి. ముగ్గురు కొడుకులను కని పెంచి, గడపలో మగ చెప్పులు తప్ప మరొకటి చూడక విసిగిపోయిన మనిషి ఆమె. పెద్దవాళ్ళిద్దరూ నకిరేకల్ దగ్గర ఊళ్ళోనే ఉండిపోయారు, వాళ్ళకూ కొడుకులే పుట్టారు. చిన్నవాడు సాయికుమార్ ఎల్బీనగర్‌లో ఆటో నడుపుతాడు. మన్సూరాబాద్‌లో ఒక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని తల్లినీ భార్యనూ తెచ్చిపెట్టుకున్నాడు. కోడలికి పుట్టింట్లో తల్లి లేదు, అందుకే పురుడు కూడా ఇక్కడే అనుకున్నారు.

"నాకొక్క మనవరాలిని ఇయ్యి బిడ్డా. జడలేసి, లంగజాకిట్ తొడిగి, బతుకమ్మ ఆడిస్త," అని కిష్టమ్మ కోడలి ముందు చేతులు జోడించేది.

"నా చేతుల ఏమున్నది అత్తమ్మా? బిడ్డ సల్లగుంటె సాలు," అని ఆ పిల్ల నవ్వేది.

కింద ఇంటివాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. రామమోహనరావు దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ ఇస్తాడు. ఆయన భార్య సూర్యప్రభదీ కిష్టమ్మదీ ఒకటే వయసు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అంటే వదినె అని పిలుచుకునేవారు. తెలంగాణ ఉద్యమం ముదిరిన ఆ ఏడాది టీవీలో ఎవరు ఎవరి మీద ఎంత గొంతు చించుకున్నా, ఈ ఇంట్లో జరిగిన యుద్ధమంతా అరుణజ్యోతి కడుపు గురించే.

"కడుపు కిందికి జారింది, మెట్లెక్కేటప్పుడు కుడికాలు ముందేస్తోంది. మగపిల్లాడే, రాసి పెట్టుకో," అనేది సూర్యప్రభ.

"మీ దిక్కు కడుపు జూస్తరేమో. మా దిక్కు మొగం జూస్తం వదినె. ఆడపిల్లయితే తల్లి అందమంత గుంజుకుంటది, మొగం ఉబ్బుతది. జూడు, ఎట్ల నిండుగయిందో!"

"ఇందులో కూడా నీకు ప్రత్యేక రాష్ట్రమే కావాలా?"

"గిదొక్కటన్న మాకు ఇడ్సిపెట్టుండ్రి తల్లీ!"

చివరికి పందెం దాకా వచ్చింది. ఆడపిల్ల పుడితే సూర్యప్రభ పిల్లకు వెండి పట్టీలు పెట్టాలి. మగపిల్లాడైతే కిష్టమ్మ డబ్బా నిండా సకినాలు చేసి కింది గడపలో పెట్టాలి. మధ్యలో కూర్చుని చింతకాయ కొరుకుతున్న అరుణజ్యోతి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, "ఎవరు గెల్సినా నాకైతే పండుగే," అంది.

ఏడో నెలలో శ్రీమంతం చేశారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తెచ్చిన పచ్చగాజులు ఆ పిల్ల చేతికి ఎక్కలేదు. ఎప్పుడూ వేసుకునే కొలతే, కానీ బొటనవేలి దగ్గరే ఆగిపోయాయి. సబ్బు రాసి, నొప్పెడుతోందని ఆమె మూలుగుతుంటే ఎలాగో తోశారు. వేలికున్న ఉంగరం అప్పటికే కండలో కూరుకుపోయి ఉంది.

"సూసినవా వదినె, చేతులెట్ల నిండినయో!" అని కిష్టమ్మ మురిసిపోయింది.

"చూశానులే. పట్టీలు కొనక తప్పేలా లేదు," అంది సూర్యప్రభ. వాపు చూసి ఓడిపోతున్నానని ఆవిడ బాధపడిందే తప్ప, ఆవిడకూ ఇంకేమీ తోచలేదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చిపడింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీదే వంటలు మొదలయ్యాయి. అరుణజ్యోతిని దవాఖానకు చూపించే నెల అది. సాయికుమార్ తన ఆటోలోనే తీసుకుపోతానన్నాడు. కిష్టమ్మ ఒప్పుకోలేదు.

"సమ్మెల నువ్వే ఆటో దీస్తె నీ దోస్తులేమంటరు? గామెకు ఏమయింది? లచ్చనాలన్నీ మంచిగనే ఉన్నయ్. దసరా ఎల్లినంక నిమ్మళంగ పోదం."

అతను తల్లి మాట తీసేయలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లల్ని కన్నది ఆమె ఒక్కతే, ఆమెకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు.

ఆ పిల్లకు రొమ్ము కింద మంట మొదలైంది. లోపల ఆడపిల్లకు జుట్టు వస్తోందని, వచ్చే ఏడు బతుకమ్మకు రిబ్బన్ కట్టొచ్చని కిష్టమ్మ సంబరపడింది. తలనొప్పి అంది. కొబ్బరినూనె వెచ్చచేసి మాడు మీద మర్దన చేస్తూ, కూతురంటే తల్లికి నొప్పులెక్కువే, కొడుకులైతే ఇంత కష్టం పెట్టరు, అని సముదాయించింది. నిర్లక్ష్యం అనే మాట ఆ ఇంట్లో లేదు. కిష్టమ్మ కోడలి చేత చెంబెడు నీళ్ళు కూడా మోయనివ్వలేదు. ప్రేమగానే చూసింది, కానీ వచ్చే మనవరాలినే చూసింది.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున మేడ మీద పూలు పేర్చడానికి కూర్చున్నారు. సూర్యప్రభ తన కుండీల్లోని బంతిపూలన్నీ కోసి పంపింది. అరుణజ్యోతి గునుగు పూలు రంగులో ముంచి ఆరేస్తూ ఆగిపోయింది.

"అత్తమ్మా, కండ్ల ముంగట మెరుపులొస్తున్నయ్. పూలు రెండు రెండు గనిపిస్తున్నయ్."

"కవలలు గిట్ట కాదు గద!" అని కిష్టమ్మ పకపకా నవ్వింది.

ఆ నవ్వు ఆగకముందే పిల్ల పక్కకు ఒరిగింది. కళ్ళు తేలిపోయాయి, పళ్ళు కరుచుకున్నాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. రంగునీళ్ళ గిన్నె బోర్లాపడి మేడంతా గులాబీ రంగు పారింది. కిష్టమ్మ కేకకు కిందివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. రామమోహనరావు కారు తీశాడు.

చౌరస్తాలో రాళ్ళు అడ్డం పెట్టి వందల మంది కూర్చుని ఉన్నారు. కారు అద్దాల్లోంచి ఆ పిల్ల ముఖం చూడగానే వాళ్ళే లేచారు. నినాదాలు ఆపి, రాళ్ళు చేత్తో ఎత్తి పక్కన పడేశారు. ఆ రాళ్ళు ఎత్తినవాళ్ళలో, పొద్దున్నే దోస్తులతో వచ్చి కూర్చున్న సాయికుమార్ ఉన్నాడు. కారులో ఉన్నది ఎవరో అతనికి రాయి చేతిలో ఉండగా తెలిసింది. అక్కడి నుంచి కొత్తపేట దవాఖాన దాకా ఎవరో ఒకతను మోటార్ సైకిల్ మీద ముందు పోతూ, దారి ఇవ్వమని అరుస్తూనే ఉన్నాడు.

దవాఖానలో నర్సు సూది పెట్టడానికి గాజులు తీయబోయింది, రాలేదు. కడుపుతో ఉన్నదాని గాజులు పగలగొట్టొద్దని కిష్టమ్మ అడ్డం పడింది. నర్సు ఆమెను పక్కకు నెట్టి పగలగొట్టేసింది. డాక్టరమ్మ అరుణజ్యోతి పాదం మీద బొటనవేలితో నొక్కింది. అక్కడ గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"ఈ వాపు ఎప్పటినుంచి?"

"శ్రీమంతం నుంచి ఉన్నదమ్మా. లోపట ఆడపిల్ల గద, అందుకే…"

డాక్టరమ్మ తలెత్తి ఒక్కసారి చూసింది. కోప్పడలేదు. "ఆడపిల్ల అయితే వాపు రాదమ్మా. మగపిల్లాడైనా రాదు. బీపీ పెరిగితే వస్తుంది," అని చెప్పి, మంచం తోసుకుంటూ లోపలికి పరుగెత్తింది.

వసారాలో కూర్చున్న కిష్టమ్మకు ఆ మాట చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. చాలాసేపటికి ఆయా తలుపు సందులోంచి తల బయట పెట్టి, "ఆడపిల్ల, బతికే ఉంది, చాలా చిన్నగుంది," అని చెప్పింది. ఆ ఒక్క నిమిషం కిష్టమ్మ ఒళ్ళు పులకరించింది. నేను చెప్పలే? అనుకుంది. పక్కనే కూర్చున్న సూర్యప్రభ చెయ్యి పట్టుకుని ఊపింది కూడా. ఆయా వెనకే డాక్టరమ్మ వచ్చింది. బీపీ మెదడుకెక్కి నరాలు చిట్లాయని, తల్లిని కాపాడలేకపోయామని చెప్పింది. సూర్యప్రభ చెయ్యి ఇంకా కిష్టమ్మ చేతిలోనే ఉంది.

తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. ఈ బందులే ఆ పిల్లను చంపాయని రామమోహనరావు అన్నాడు. కాదు, దవాఖానవాళ్ళే సరిగ్గా చూడలేదని సాయికుమార్ దోస్తులు అన్నారు. రెండు మాటల్లో ఏదో ఒకటి నమ్మగలిగితే కిష్టమ్మకు రాత్రికి నిద్ర పట్టేది. కానీ రాళ్ళు ఎత్తిన చేతుల్ని ఆమె చూసింది, డాక్టరమ్మ పరుగునూ చూసింది. తల్లి అన్నం పెడితే సాయికుమార్ తిన్నాడు, ముఖం మాత్రం ఎత్తలేదు. దినాలకు వచ్చిన చుట్టాల్లో ఒక ముసలమ్మ, "కిష్టమ్మ చెప్పిందంటె చెప్పిందే, ఆడపిల్లనే పుట్టె," అని పక్కామెతో మెచ్చుకోలుగా అంది. కిష్టమ్మ చేతిలో విస్తళ్ళు అక్కడే పెట్టేసి లోపలికి పోయి తలుపేసుకుంది.

దవాఖానలోని అద్దాల పెట్టెలోంచి పిల్ల ఇంటికి వచ్చేసరికి సమ్మె ముగిసి బస్సులు తిరుగుతున్నాయి. ఒక సాయంత్రం సూర్యప్రభ మేడ మీదికి వచ్చింది. కొంగు చాటున ఏదో దాచుకుంది. చాప మీద పడుకున్న పిల్లను వంగి చూసింది.

"పందెం కోసం కాదు వదినా. ఆ అమ్మాయి కోసం తెచ్చాను," అంది. కొంగు చాటు నుంచి చెయ్యి బయటికి తీసింది.

"పందెం కోసమే అనుకో వదినె. నేనే గెల్సిన గద. ఇయ్యి," అని కిష్టమ్మ చెయ్యి చాపింది.

వెండి పట్టీలు అరచేతిలో పడ్డాయి. వాటిని పిల్లకు పెడదామని గుడ్డ తొలగించి కాలు చేతిలోకి తీసుకుంది. పెట్టలేదు. బొటనవేలితో ఆ చిన్న పాదం మీద మెల్లగా నొక్కింది. వేలు తీయగానే నొక్కిన చోటు నిండిపోయి ఎర్రగా అయింది. రెండో కాలు మీదా నొక్కింది. అదీ వెంటనే నిండింది. పిల్ల కాళ్ళు గుంజుకుని ఏడుపు అందుకుంది.

"ఒక్కపారి," అంది కిష్టమ్మ. "ఒక్కపారి గిట్ల నీ అమ్మ కాలు వట్టి జూడనైతి గద బిడ్డా. నీ కోసమని మొగమే జూస్తి."

సూర్యప్రభ పక్కనే కూలబడి ఆమె భుజం పట్టుకుంది. పట్టీలు చాప మీదికి జారిపోయాయి. వాటిని ఆ సాయంత్రం ఎవరూ తీయలేదు.