తప్పిన ఖర్చు

"అమ్మా, మస్కట్ లెక్కల పుస్తకం ఏదీ?" అని లలిత అడిగినప్పుడు నేను చింతపండు పొట్లాలు కడుతున్నాను.

"చెదలు పట్టిందే. పారేశాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. ఈ ఇంటికొచ్చిన కొత్తలో."

అబద్ధం. ఆ పుస్తకం బీరువాలో నా పెళ్లిచీర మడతలో ఉంది. నీలం అట్ట, నలిగిపోయిన మూలలు. పారేస్తే ఎవరి చేతిలోనైనా పడుతుందేమోనని భయం. కాల్చేద్దామని రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్లి మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాను.

శ్రీలలిత మా ఒక్కగానొక్క కూతురు. అల్లుడు రాఘవేందర్ ఐర్లండ్‌లో కార్క్ అనే ఊళ్లో ఒక హోటల్లో వంటమాస్టరు. వెళ్లి ఏడాది దాటింది. ఇప్పుడు లలితకీ, మూడేళ్ల మనవరాలు రాజీకీ వీసాలు వచ్చాయి. గురువారం ప్రయాణం. అతని జీతంలో అద్దె పోగా మిగిలేదెంతో విన్న రోజు నుంచీ నాకు అన్నం సయించడం లేదు. హోటలు మూసేస్తే? నూనె మీద పడి అతని చెయ్యి కాలితే? ముక్కూ మొహం తెలియని ఊళ్లో పసిపిల్లతో ఇది ఏం చేస్తుంది?

లలితకు మాత్రం అలాంటి బెంగ లేదు. "మా అమ్మ నూట ఎనభై రియాళ్లతో ఇల్లు నడిపి బొల్లారంలో ఫ్లాటు కొంది. నేను ఆవిడ కూతుర్ని" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆ మాట ఎత్తగానే నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

మేం మస్కట్‌లో ఏడేళ్లున్నాం. మా ఆయన ఏసీల కంపెనీలో స్టోర్‌కీపరు. ఒక ఫ్లాటులో మూడు కుటుంబాలం, ఒక్కొక్కరికి ఒక్కో గది, వంటగది వంతులవారీగా. నా చదువు పదో తరగతితో ఆగింది గాని హెచ్చవేతలు నోటికొచ్చేవి. అప్పుడు రియాలు నూట ఇరవై రెండు రూపాయలు. కొట్లో ఏది ముట్టుకున్నా ముందు నూట ఇరవై రెండుతో హెచ్చవేసేదాన్ని. అమ్మో అనుకుని పెట్టేసి వచ్చేదాన్ని. "వచ్చేది రియాళ్లే, మిగలాల్సింది రూపాయలు" అనేదాన్ని ఆయనతో. అక్కడ మనవాళ్లం అందరం అంతే. తిండి అక్కడిది, ధర మాత్రం మా ఊరు తణుకు సంతలోది.

నా పుస్తకంలో మిగతావాళ్ల పుస్తకాల్లో లేని వరుస ఒకటి ఉండేది. ఎడమ పక్క ఖర్చు. కుడి పక్క 'తప్పిన ఖర్చు'. కొనాల్సి ఉండీ కొనకుండా తప్పించుకున్నవన్నీ అందులో రాసేదాన్ని. 'ఆపిల్ పండ్లు, ముప్పావు రియాలు, 91 రూ.' 'టాక్సీ, నడిచి వచ్చాం, అర, 61 రూ.' నెలాఖరున ఆ వరుస కూడి ఆయనకు పైకి చదివి వినిపించేదాన్ని. "భేష్ భవానీ!" అనేవారు. లలిత నా ఒళ్లో కూర్చుని కథలా వినేది.

"పోనీలే, పుస్తకం లేకపోతే ఏం? నాకు గుర్తుంది" అంటూ లలిత కొత్త నోటుపుస్తకం తీసింది. స్కేలు పెట్టి గీతలు గీసింది. పైన రాసింది: ఖర్చు. తప్పిన ఖర్చు.

నేను కట్టిన పొట్లమే విప్పి మళ్లీ కట్టాను.

లలితకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయిందని చుట్టాలకు చెప్పాం, దానికీ అదే చెప్పాం. ఇక్కడికి వచ్చాక మారేడ్‌పల్లిలో చెవి డాక్టరుకు చూపిస్తే, ఆయన లైటు వేసి చూసి "అప్పుడు ఎవరికీ చూపించలేదా అమ్మా?" అని అడిగాడు. "చూపించామండీ" అన్నాను. ఇక చేసేదేం లేదన్నాడు. పిల్ల దానికే అలవాటు పడిపోయింది. క్లాసులో ఎడమ గోడ పక్కన కూర్చునేది. పెళ్లి పీటల మీద పంతులుగారు దానికి ఎడమ వైపు కూర్చుంటే, ఆయన మంత్రం వినపడక రాఘవ మొహం చూసి నవ్వుతూనే ఉంది. నేను మాత్రం అలవాటు పడలేదు. పిలిచినప్పుడు అది తిరిగి చూడకపోతే నా తలలో ఒక అంకె పలుకుతుంది. పద్దెనిమిది వందల ముప్పై. కుక్కరు కూతలోనూ అదే. మా వెనక రైలు పట్టాల మీద బండి పోతుంటే ఒక్కో పెట్టె అదే అంకె అనుకుంటూ పోతుంది. మా ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకూ వినపడుతుందేమో, నేనూ అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం రాఘవ వీడియో కాల్ చేశాడు. డ్యూటీకి పోయే ముందు రోజూ చేస్తాడు.

"ఏమైంది, సూట్‌కేస్ నిండిందా?"

"ఇరవై మూడు కిలోలకి ఇరవై నాలుగున్నర వచ్చింది" అంది లలిత.

"అత్తమ్మా, గంత చింతపండు ఎందుకు? ఈడ దొర్కదనుకున్నరా?"

"దొరుకుతుంది బాబూ. ఎంతకు దొరుకుతుంది?"

"అగో! తల్లీబిడ్డలిద్దరిది ఒక్కటే లెక్క" అని నవ్వాడు. తర్వాత లలితను అడిగాడు: "పాప ఇన్సూరెన్స్ సంగతేం జేద్దాం? నెలకు ఇరవై ఐదు యూరోలు. మా కిచెన్ల పిల్లలున్నోళ్లందరు కట్టిండ్రు. మీరు దిగేలోపట కడితే మంచిదంటున్నరు."

"ఇరవై ఐదా? రెండు సున్నాలు పెట్టు. రెండున్నర వేలు. ఏడాదికి ముప్పై వేలు! జలుబుకీ దగ్గుకీ ముప్పై వేలేంటి? అన్ని మందులూ ఇక్కణ్నుంచే డబ్బా నిండా తెస్తున్నా."

"జీతం యూరోలల్ల వస్తది గదనే."

"వచ్చేది యూరోలే బాబూ, మిగలాల్సింది రూపాయలు."

దాని నోట నా మాట. నా గొంతుతో సహా.

ఫోను పెట్టేసి పెన్ను తీసుకుంది. కొత్త పుస్తకంలో కుడి పక్క వరుసలో రాసి, నాకేసి తిప్పి చూపించింది. 'రాజీ ఇన్సూరెన్స్, 25, 2500 రూ.'

"చూడమ్మా, బోణీ!"

మా ఆయన కుర్చీలో పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పబోయిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. రాజీ నేల మీద కూర్చుని మందుల డబ్బా మూత తీస్తూ పెడుతూ ఆడుతోంది. దాని రెండు చెవులకీ మొన్న కుట్టించిన చిన్న పోగులు. నేను లేచి బీరువా దగ్గరికి వెళ్లాను.

రెండువేల ఒకటి, నవంబరు. లలితకు నాలుగేళ్లు. చెవి పోటని ఏడ్చింది. వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వేశాను. రెండో రోజు జ్వరం. కింద మందుల షాపు మలయాళీ అతను చెవి వెనక నొక్కి చూసి, "చెవి డాక్టరుకి చూపించండి, ఆలస్యం వద్దు. పదిహేను రియాళ్లు తీసుకుంటాడు" అన్నాడు. పిల్లని భుజాన వేసుకుని మెట్లెక్కుతూ హెచ్చవేశాను. మొదటి అంతస్తుకి ఎక్కేసరికి లెక్క తేలింది. ఆ డబ్బుతో తణుకులో వీధిలోని పిల్లలందరికీ వైద్యం చేయించొచ్చు అనిపించింది. ఆ నెల ఇంటికోసం వేసిన చీటీకి డబ్బు పంపాలి. రేపు చూద్దాం అనుకున్నాను. మూడో రోజూ రేపే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున తలగడ మీద చీము, కాస్త నెత్తురు. పిల్ల ఏడవడం మానేసి ఆకలేస్తోందంది. తగ్గిపోయింది అనుకున్నాను. సంతోషించాను కూడా. ఆ సాయంత్రం పుస్తకం తీసి 'తప్పిన ఖర్చు'లో రాశాను. నెలాఖరున మిగతావాటితో పాటు దాన్నీ పైకి చదివాను. ఆయన భేష్ అన్నారు. లలిత నా ఒళ్లోనే ఉంది. ఏ చెవితో విందో.

రెండు నెలల తర్వాత ఒక రోజు ఎడమ పక్కనుంచి పాలగ్లాసు పట్టుకుని పిలిస్తే పిల్ల చూడలేదు. మళ్లీ పిలిచాను. మళ్లీ చూడలేదు. గ్లాసు కింద పెట్టి అరిచాను.

పుస్తకం తెచ్చి లలిత ముందు పెట్టాను. వెతకక్కర్లేదు, తనంతట తానే ఆ పేజీ దగ్గరే తెరుచుకుంటుంది.

"చెదలన్నావ్?" అని నవ్వింది. "రాజీ, మీ అమ్మమ్మ అబద్ధాలకోరే." పైనుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "'ఐస్‌క్రీం, పావు, 30 రూ.' ఓసి నీ! నా ఐస్‌క్రీం కూడా ఎగ్గొట్టావా? 'చెప్పులు, కుట్టించాం...'"

వేలు ఆగింది.

'లలిత చెవి డాక్టరు, 15, 1830 రూ.'

అది పైకి చదవలేదు.

"ఇదేంటమ్మా?"

నేను రాజీ చేతిలోంచి మందుల డబ్బా తీసుకుని మూత పెట్టాను.

"జ్వరం అన్నారు కదా?"

"జ్వరం వచ్చింది. చెవి వల్ల వచ్చింది. చూపించమని మందుల షాపు అతను చెప్పాడు. నేనే చూపించలేదు."

"ఎన్ని రోజులు?"

"నాలుగు."

"డబ్బుల్లేవా?"

ఇన్నేళ్లూ నేను భయపడింది ఈ ప్రశ్నకే. లేవు అంటే సరిపోయేది. అది నమ్మేది. నా తల నిమిరేది కూడా.

"ఉన్నాయి. పాలపొడి డబ్బాలో నలభై రియాళ్లున్నాయి" అన్నాను.

మా ఆయన పేపరు మడిచారు. "అప్పట్లో అక్కడ అందరం అలాగే లెక్కలు..."

"దీనికి కూడా భేష్ అన్నారా నాన్నా?"

ఆయన కళ్లజోడు తీసేశారు. తుడవలేదు, ఊరికే చేతిలో పట్టుకున్నారు.

లలిత పుస్తకం మూసి, హాలంతా ఒకసారి చూసింది. టీవీ స్టాండు, దేవుడి గూడు, మేం కిందటేడు వేయించిన రంగు.

"పదిహేను రియాళ్లకి ఎన్ని ఇటుకలొచ్చాయమ్మా?"

"నన్ను ఎన్నైనా అను. ముందు ఆ బోణీ కొట్టెయ్యి. రాఘవకి ఫోన్ చెయ్యి" అన్నాను. "నీకు చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెప్పాను. లేకపోతే నాతోనే పోయేది. ఆ పిల్లకి చెవి పోటొస్తే నువ్వు కూడా మెట్లెక్కుతూ హెచ్చవేస్తావు. నాకు తెలుసు. నేర్పింది నేనే."

లలిత లేచింది. రాజీని చంకనేసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

బుధవారమంతా ఇంట్లో రాజీ మాటలు తప్ప ఇంకేం లేవు. అన్నానికి పిలిస్తే వచ్చి తింది. నేను దాని కుడి పక్క కూర్చుంటే కంచం తీసుకుని అవతలి వైపు మారింది. ఎడమ చెవి నా వైపు పెట్టి తింది. ఇంక పులుసు వెయ్యనా అని అడిగాను. అలాగే తిని లేచిపోయింది.

సాయంత్రం నా ఫోనుకి రాఘవ చేశాడు.

"అత్తమ్మా, ఏందీ సంగతి? పొద్దుగాల నన్ను నిద్రల లేపి ఇన్సూరెన్స్ కట్టు కట్టు అని ఒకటే లొల్లి. ఎంతైతదని సుత అడగలే. లలిత పైసల సంగతి అడగకపోతే నాకు భయమైతది. ఏమన్న పరేషానా?"

"ఏం లేదు బాబూ. కట్టావా?"

"కట్టిన."

"రసీదు వచ్చిందా?"

"వచ్చింది అత్తమ్మా."

"పిల్ల పేరు సరిగ్గా పడిందా? పుట్టిన తేదీ చూసుకున్నావా?"

"అన్ని జూసిన. జెర మీరు నిమ్మళంగ ఉండున్రి."

ఫోను పెట్టేసి వంటింట్లో కాసేపు నిలబడ్డాను. కుక్కరు కూసింది. అంకె పలికింది. పలకదనుకున్నానేమో, పిచ్చిదాన్ని.

గురువారం కారు వచ్చింది. మెట్ల దగ్గర రెండు చింతపండు పొట్లాలు తీసేసి ఉన్నాయి. బరువు ఎక్కువైందనుకున్నాను. వాళ్లు వెళ్లాక బీరువా తెరిస్తే పెళ్లిచీర మడత ఖాళీగా ఉంది. మంగళవారం రాత్రి నేను మళ్లీ అక్కడే పెట్టిన నీలం పుస్తకం తీసుకెళ్లింది. కారెక్కేటప్పుడు మాత్రం "వెళ్లొస్తానమ్మా" అంది. అంతే. రాజీ అద్దంలోంచి చెయ్యూపుతూనే ఉంది, కారు రైలుగేటు మలుపు తిరిగేదాకా.

ఇప్పటికి రెండు నెలలైంది. రాజీకి ఒకసారి జలుబు చేస్తే మర్నాడే డాక్టరుకు చూపించిందట. రాఘవే చెప్పాడు. ఎంతైందని నేను అడగలేదు. ఆయన అడగబోతే కళ్లతోనే ఆపాను.

లలిత ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఇదివరకు రాఘవతో ఎప్పుడూ వీడియోలోనే మాట్లాడేది. నాతో మాత్రం మామూలు కాలే. నెట్ సరిగ్గా రాదంటుంది. అవునేమో. బియ్యం ధర చెబుతుంది, రాజీ బడి సంగతి చెబుతుంది. తర్వాత నేను మాట్లాడతాను. ఒక్కోసారి నేను మాట్లాడుతుంటే అవతల ఏమీ ఉండదు. ఊఁ అనదు, అవునా అనదు. లైను తెగిందా అంటే తెగలేదు, గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉంటుంది. రాజీ ఏదో పాడుతూ ఉంటుంది.

అప్పుడు నాకు తెలియదు, ఫోను ఏ చెవికి పెట్టుకుందో.

మొన్న ఆదివారం అలాగే అయింది. చాలాసేపు ఏ పలుకూ లేదు. ఆయన బజారుకి వెళ్లారు. ఇంట్లో ఎవరూ లేరు.

"తప్పు చేశానే తల్లీ" అన్నాను.

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు. కాసేపటికి దాని గొంతు దగ్గరగా వచ్చింది.

"ఆఁ, చెప్పమ్మా. ఏమన్నావ్?"

"రాజీకి చెవులు కప్పే టోపీ తొడుగుతున్నావా అని" అన్నాను.