వీపు కింద చెయ్యి

నీళ్ళు తల మీదుగా మూసుకున్నాయి.

చల్లగా... పాచి వాసనతో... చెవుల్లో హోరు.

వీపు కింద చెయ్యి. పాస్టర్ పాల్ చెయ్యి.

"వీపు వదిలెయ్ లిదియమ్మా. బిగబట్టబాక. నేను పట్టుకోనుండా గదా."

ఈత రాని మనిషి. వదిలేసింది. మునిగేముందు ఉదయగిరి కొండ తలకిందులైంది. లేచేసరికి మళ్ళీ నిటారుగా నిలబడింది.

విశ్వాసమంటే ఇదే అన్నాడాయన, బాప్తిస్మమయ్యాక చెరువు ఒడ్డున బట్టలు పిండుకుంటూ. వీపు వదిలెయ్యడం. కృపంటే ఆ చెయ్యి. నువ్వు సంపాదించింది కాదు. ఊరికే వచ్చింది.

నమ్మింది.

ఈ యేడు ఆ చెరువులో నీళ్ళు లేవు. నెరలు విచ్చింది. వీధి కొళాయిలో గాలి తప్ప ఏమీ రాదు.

ఊళ్ళో పెద్దరైతు సురేంద్రబాబు మోటారు మాత్రం పోస్తూనే ఉంది — నిమ్మతోటకి.

లిదియమ్మ ఆ నీళ్ళకి బిందె పెట్టింది.

బిందె తన్నాడు. మణికట్టు విరగ్గొట్టాడు. కులం పేరు పెట్టి తిట్టాడు.

లిదియా అని తిట్టలేదు. బైబిలు పేరు వాడికి గుర్తు రాలేదు. ఊరు పెట్టిన పేరే నోటికొచ్చింది.

అట్రాసిటీ కేసు పెట్టింది. రాజీకి రమ్మన్నారు. పోలేదు.

ఆత్మకూరులో అధికారి ముందు విచారణ. కొట్టలేదని సురేంద్రబాబు అనలేదు. అంత అవసరం లేదు వాడికి. ఆమె క్రైస్తవురాలు, కాబట్టి ఎస్సీ కాదు, కాబట్టి ఈ కేసే చెల్లదు — అంతే అన్నాడు. సాక్షిని తెచ్చుకున్నాడు.

పాల్‌ని.

మందిరానికి బోరు వేయించింది సురేంద్రబాబే మరి. నీళ్ళు ఎవరివైతే నోరు వాళ్ళది.

"బాప్తిస్మం ఇచ్చింది నేనేనండీ."

"మరి మీరు?" అన్నాడు అధికారి.

"నేనాండీ... రికార్డుల్లో హిందువునే. ఎస్సీ సర్టిఫికెట్టుండాది."

బైబిల్లో ప్రభువును ఎరగనన్న శిష్యుడికి కూసిన కోడి ఇక్కడ కూయలేదు. ఆత్మకూరులో పట్టపగలు. కూసినా బస్సు హారన్లలో వినపడదు.

వరండాలో నిలదీసింది.

"ఏందయ్యగారూ ఇది?"

"నేను అబద్ధం చెప్పలా గదమ్మా."

"నా గురించి అబద్ధం చెప్పలా. మరి మీ గురించో?"

పాల్ చెప్పుల వైపు చూశాడు. "పిల్లల ఉద్యోగాలుండాయి లిదియమ్మా. నువ్వు గూడా కాదని చెప్పెయ్. దేవుడు కృపగలోడు. క్షమిస్తాడులే."

ఆ చెరువు ఒడ్డున చెప్పిన మాటే. అదే కృప. అదే నోరు.

కొట్టినోడికి సాక్ష్యం. దెబ్బ తిన్నదానికి కృప. బాగానే పంచావయ్యా...

లోపలికి పిలిచారు.

"చెప్పమ్మా. క్రైస్తవురాలివేనా?"

కాదంటే కేసు నిలుస్తుంది. పాల్‌కి ఉన్నట్టే ఆమెకీ సర్టిఫికెట్టు ఉంది. అవునంటే సురేంద్రబాబు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. మోటారు వేసుకుంటాడు.

ఒక్క మాట.

కాదు. రెండే అక్షరాలు.

బల్ల మీద గ్లాసులో నీళ్ళు. ఫ్యాను గాలికి వణుకుతున్నాయి. కట్టు కట్టిన చెయ్యి సలుపుతోంది.

లిదియమ్మ ఊపిరి బిగబట్టింది.

"మునిగినాను సార్. నమ్మే మునిగినాను. ఆయన తిట్టిన కులందాన్నీ నేనే. రెండూ రాసుకోండి."

పెన్ను ఆగింది.

సురేంద్రబాబు నవ్వాడు. పాల్ తలెత్తలేదు.

ఆమె వీపు వదిలేసింది.

నీళ్ళు తల మీదుగా మూసుకుంటున్నాయి... చల్లగా... చెవుల్లో హోరు...

వీపు కింద —