ఇనుము లేని పొలం

మునియప్ప పలకల మూలలో చేరిన చింతాకును వేళ్లతో ఏరుతున్నాడు. మనిషెత్తు అల్యూమినియం పలకలు మూడు, ఒకదానికొకటి ఆనుకుని, ఆకాశానికి నోరు తెరిచి కెలవరపల్లి మెట్టపొలంలో నిలబడి ఉన్నాయి. పైన తిరిగే ఉపగ్రహం నేల ఎత్తుపల్లాలను రాడార్‌తో కొలుస్తుంది. ఆ కొలత సరిగా ఉందో లేదో ఈ పలకల మెరుపుతో సరిచూస్తారు. ఫ్యాక్టరీలొచ్చి మేతబీళ్లు పోయాక గొర్రెలమ్ముకున్న మునియప్పకు, పలకలు తుడిచే జీతమొక్కటే మిగిలింది.

ఈ సాయంత్రం ఉపగ్రహం వస్తుంది. పొద్దుటి నుంచి అతని ఎడమ భుజం లాగుతోంది. చీపురు ఎత్తినప్పుడల్లా ఆగి, నోటితో గాలి పీలుస్తున్నాడు.

కోడలు అముద ఫ్యాక్టరీ యూనిఫారంలోనే స్కూటర్ మీద గట్టు దాకా వచ్చింది. మునియప్ప చేతులు అడ్డం పెట్టి ఎదురెళ్లాడు.

"ఈడికి తేవద్దమ్మా! తారురోడ్డు కాడ పెట్టిరా."

"అత్త ఫోన్ చేసింది. మొగమంతా బూడిద మాదిరి అయిపోయింది నీకు. హోసూరు ఆస్పత్రికి పోదాం రా మామా."

"అది పోయినాక పోదాం."

"అది మళ్లా వస్తాది. నువ్వు పోతే వస్తావా?"

మునియప్ప నవ్వబోయి దగ్గాడు. పోయినసారి ఒక బోరు లారీ పొలంలో ఆగి, దాని ఇనుము కూడా మెరిసి, ఉపగ్రహం తీసిన చిత్రం చెడింది. ఇంకోసారి ఇట్లయితే పలకలు వేరే ఊరికి మారుస్తామన్నాడు ఇంజనీరు గోపీనాథ్. ఆయన చెప్పింది బండ్ల గురించి. మునియప్ప మాత్రం ఆనాటి నుంచి కొడవలిని కూడా గట్టు దాటనివ్వలేదు. శని పట్టకుండా భార్య పిల్లమ్మ తొడిగిన ఇనుప కడియాన్ని సైతం, ఉపగ్రహం వచ్చే రోజున గట్టురాయి మీద తీసిపెడతాడు.

"ఈ కడెం గూడా కనిపిస్తాదా దానికి?" అంది అముద రాయి వైపు చూసి.

"ఇనుము ఇనుమే గదమ్మా."

ఆమె గొణుక్కుంటూ బండి తిప్పింది. తారురోడ్డు పక్కన నిలిపి, దున్నిన చాళ్లలో నడిచి వచ్చేసరికి అతను పలకల పక్కన కూలబడి ఉన్నాడు. లేపబోతే లేవలేదు. మళ్లీ రోడ్డు దాకా పరుగెత్తి, మెత్తటి మట్టిలో కూరుకుపోతున్న స్కూటర్‌ను తోసుకుంటూ తెచ్చింది. అప్పటికి ఊపిరి లేదు.

మరునాడు గోపీనాథ్ దండ తెచ్చాడు. చిత్రం ఏ మచ్చా లేకుండా వచ్చిందని, స్కూటర్ జాడ కూడా అందులో పడలేదని, పలకలు ఇక్కడే ఉంటాయని చెప్పాడు.

"అందులో మా ఆయన కనిపించినాడా సార్?" అంది పిల్లమ్మ.

"మనుషులు కనిపించరమ్మా."

గట్టురాయి మీద కడియం అలాగే ఉంది. పైన తుప్పు, లోపలి వైపు మాత్రం అతని మణికట్టుకు రాసుకుని రాసుకుని తేలిన నునుపు.