సున్నం కొట్టిన రాళ్ళు

పదిహేనేళ్ళుగా ఆటల టీచరుగా చేసి చేసి నా మోకాళ్ళు పోయాయి. ఓపిక అంతకంటే ముందే పోయింది. అయినా హాస్టల్ ఆడపిల్లల్ని ఇరవై మందిని వెంటేసుకుని, ఘనపూర్ అవతల గుట్ట మీదికి కాలిబాట వేయించడానికి వచ్చాను. బయట పని చేస్తే పిల్లలకు ధైర్యం వస్తుందని పైవాళ్ళకు కాగితం రాసింది నేనే మరి, ఎవర్ని తిట్టుకోను? ఆదివారం అధికారులు వచ్చి చూస్తారు. బాట నిలవకపోతే మళ్ళీ ఆడపిల్లల్ని గేటు దాటనివ్వనని మా ప్రిన్సిపాల్ ముందే చెప్పేసింది.

నాకు తెలిసిన పని ఒకటే. బడి ఆటస్థలంలో లాగే బాటకు రెండు వైపులా రాళ్ళు పేర్పించి, సున్నం కొట్టించాను. చూడముచ్చటగా ఉంది.

శుక్రవారం సాయంత్రం సోని నా వెనక నిలబడి నసిగింది. తండా పిల్ల, తొమ్మిదో తరగతి. తన తెలుగుకు నవ్వుతారని క్లాసులో నోరు విప్పదు.

"టీచర్, గిట్లయితే వాన నీళ్ళు బాటల్నే పోతయ్. మా చేన్ల రాళ్ళు అడ్డంగ, ఐమూలగ పెడ్తం."

"నాకే నేర్పుతున్నవా? పోయి సున్నం కలుపు" అన్నాను విసుగ్గా. సాహితితో సహా నలుగురు కిసుక్కుమన్నారు. సోని తలొంచుకుని పోయి కలిపింది.

తెల్లారేసరికి వాన దంచి కొట్టింది. వెళ్ళి చూస్తే తెల్లరాళ్ళు రెండు పక్కలా ఠీవిగా నిలబడే ఉన్నాయి. వాటి నడుమ బాట మాత్రం లేదు, మోకాలి లోతు కాలువ ఉంది. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

"తప్పు నాదే సోనీ. ఎట్ల చేద్దామో నువ్వే చెప్పు."

ఆమె భయంగా తోటివాళ్ళ వైపు చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరి చేతులకూ బొబ్బలే. కాలువను మట్టితో పూడ్చాక, సోని ఒక తెల్లరాయి పెకలించి బాటకు ఐమూలగా పాతింది. మొదట గొంతు వినపడీ వినపడనట్టుంది. మధ్యాహ్నానికి, "సాహితీ, గా రాయి ఇంకా కిందికి దించు" అన్న కేక గుట్ట కింది దాకా వినిపించింది. మధ్యలో తండా మాటలు దొర్లినా పని ఆగలేదు.

సాయంత్రం మళ్ళీ వాన పట్టుకుంది. ఒళ్ళు నొప్పులతో అందరం తడుస్తూ చూస్తున్నాం. నీళ్ళు ఉరికొచ్చి, రాళ్ళకు తగిలి, పక్కనున్న పొదల్లోకి మళ్ళాయి.

"టీచర్, జర ఇటు రాండ్రి" అంది సోని, నా కళ్ళలోకి చూస్తూ. "నీళ్ళు పొయ్యేకాడ అడ్డం నిలవడ్డరు."

వెంటనే జరిగాను.