రాయని చోటు

"కూర మాడుతున్నట్టుంది, మంట తగ్గించి రా. చెప్పాల్సింది ఇంకా ఉంది," అన్నాడు మొగుడు. ఆయన రచయిత. ఆయన చెబుతుంటే టైపు చేసేది భార్య. పగలంతా ఆఫీసు, సాయంత్రం వంట, మధ్యలో ఈ టైపు. ఇదసలు పనే కాదని ఇంట్లో అందరి ఉద్దేశం. "మావాడి కథలు అందరికంటే ముందు చదివేది నువ్వే, ఎంత అదృష్టం!" అంటుంది అత్తగారు, సోఫాలో కాళ్లు చాపుకుని.

పెళ్లికి ముందే ఆమె చదివిన ఆయన కథ ఒకటుంది. అందులో ఒక ఇల్లాలు అంట్లు సగం తోమి, చేతులు తుడుచుకుని, వీధి తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోతుంది. అంతే, కథ అయిపోతుంది. ఎక్కడికి వెళ్లిందో ఆయన రాయలేదు. ఆ రాయని చోటే ఈమెకు దక్కింది. అత్తగారి దెప్పుళ్లు, "టీ మీరు పెడితేనే బాగుంటుంది మేడమ్" అనే మేనేజరు వెకిలి నవ్వు, అన్నీ సింకు ముందు నిలబడి ఆ ఇల్లాలితోనే చెప్పుకునేది. ఆ ఇల్లాలు ఒకరోజు రైలెక్కేది, ఒకరోజు చెప్పులు చేత్తో పట్టుకుని సముద్రం ఒడ్డున నడిచేది. వెనక్కి మాత్రం ఎప్పుడూ చూడలేదు. "ఎవరితో మాట్లాడుతున్నావు?" అని మొగుడు కేకేస్తే, "ఎవరూ లేరండీ" అనేది.

ఇప్పుడా కథ ఉన్న పుస్తకం మళ్లీ అచ్చవుతోంది. ఆ ఇల్లాలు ఎక్కడికి వెళ్లిందని చదివినవాళ్లు అడిగి చంపుతున్నారని ఆయన కథ చివర్లో వివరణ చేరుస్తున్నాడు.

"టైపు కొట్టు. ఆమె మందుల షాపుకి వెళ్లింది. భర్తకి జ్వరం. కాసేపట్లో తిరిగొచ్చి మిగిలిన అంట్లు తోముకుంది."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "అది లేకపోతేనేం అండీ? ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు కదా. నేనైతే... ఆమె ఇంక రాలేదనుకున్నాను."

ఆయన పకపకా నవ్వాడు. "రాసింది నేనా, నువ్వా? ఇల్లొదిలి ఎక్కడికి పోతుందే, పిచ్చిదానా!"

ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకో చెబితే ఎవరైనా నవ్వుతారు. ఆయన చెప్పినట్టే టైపు చేసింది. అలవాటు కొద్దీ అచ్చుతప్పు కూడా దిద్దింది.

భోజనాలయ్యాక సింకు ముందు నిలబడి ఆ ఇల్లాలిని తలుచుకుంది. ఆ ఇల్లాలు వీధి మలుపు దాకా బాగానే నడిచింది. అక్కడ ఆగి, మందుల కవరుతో వెనక్కి తిరిగింది. "వద్దు, రాకు," అంది ఆమె పైకే. ఆ ఇల్లాలు వినలేదు. గబగబా ఇంట్లోకి పోయి తలుపు గడియ వేసుకుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" హాల్లోంచి మొగుడు కేకేశాడు.

"ఎవరూ లేరండీ," అంది. ఇన్నేళ్లలో ఆ మాట నిజమవడం అదే మొదటిసారి.