నోటికి కట్టిన గుడ్డ

బారువ దాటి, జీడితోటల్లోంచి ఇసుకలోకి దిగితే వచ్చే పల్లెపేటలో మగ్దలీన అంటే పిల్లలకే కాదు, పెద్దలకీ హడలే. కతోలిక స్వాములవారు టెక్కలి నుంచి పూజ చెప్పడానికి వచ్చేది ఏడాదిలో ఏ మూడుసార్లో. పూజ ముందురోజు అర్ధరాత్రి దాటాక ఎవరి నోట్లో మెతుకు పడినా ఆవిడ పసిగట్టేది. పస్తుండి గాని, ప్రభువు శరీరమని నమ్మే దివ్యసత్ప్రసాదం పుచ్చుకోకూడదన్న నియమం రోములో పెట్టిందే గాని, ఇక్కడ కాపలా మాత్రం మగ్దలీనదే.

పోయిన వేసవిలో పూజవేళ కోడలు లీలమ్మ దగ్గర జీడిమామిడి పండు వాసన తగిలింది. కడుపుతో ఉన్న పిల్ల, తెల్లారగట్ల ఆగలేక ఓ ముక్క కొరికింది. అంతే, సత్ప్రసాదం వరుసలోంచి కొంగు పట్టుకుని వెనక్కి లాగేసింది మగ్దలీన. లీలమ్మ ఆ రోజంతా ఏడుస్తూనే ఉంది. అత్తగారు మళ్లీ ఆ మాటే ఎత్తనివ్వలేదు.

అంత చాదస్తమూ ప్రేమలోంచి పుట్టిందే. మొగుడు సముద్రంలో పోయిన దగ్గర్నుంచీ ఆవిడకి సత్ప్రసాదమే ఆధారం. "ఆ పెబువు నా గుడిసెలో అడుగెట్టే రోజర్రా" అనేది. అది లేని నెలలు ఉప్పులేని కూడే.

యాభై ఏడులో, దసరాలు వెళ్లాక స్వాములవారు మళ్లీ వస్తున్నారని కబురొచ్చింది. పూజ కాగానే పేటంతా కలిసి భోంచేయడం ఆనవాయితీ. చేపల పులుసంటే మగ్దలీన చెయ్యే పడాలి. పూజనాడు ఆవిడ నోటికి గుడ్డ కట్టుకుని మరీ వండేది, అలవాటు కొద్దీ రుచి చూసేస్తానేమోనని.

ఆ పొద్దున గుడి వెనక పులుసు కుతకుతలాడుతోంది. లీలమ్మ చంకలో పిల్లతో ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ తరగడం మగ్దలీనకి నచ్చలేదు. గుడ్డ ఉంటే తిట్టు సాఫీగా రాదు కదా, విప్పేసింది.

"ఓలే, అవి ఉల్లిపాయలా, బండరాళ్లా? నీకు మీయమ్మ ఏటి నేర్పినాదే?"

తిడుతూ తిడుతూ గరిటె ముంచి, ఓ చేప ముక్క అరచేతిలో వేసుకుంది. ఊదింది. నోట్లో వేసుకుని మింగింది.

"ఉప్పు సాల్నేదు" అంది.

అన్నాక తెలిసింది. గరిటె జారి ఇసుకలో పడింది.

లీలమ్మ అంతా చూసింది. మెల్లగా, "నానేటీ సూన్నేదత్తా" అంది.

అంతకంటే ఆ పిల్ల నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. మగ్దలీనకి ఆశ పుట్టకపోలేదు. ఎవరికి తెలుస్తుంది? నెలల తరబడి వదలని ఈ దగ్గు చూస్తే, స్వాములవారు మళ్లీ వచ్చేనాటికి తానుంటుందో ఉండదో. కాని ఎవర్ని లోపలికి పిలుచుకుంటోందో, ఆయన దగ్గరే దాచడమా?

గంట మోగింది. స్వాములవారు పూజవస్త్రాలు వేసుకుని వచ్చేసరికి మగ్దలీన గుమ్మంలోనే నిలబడి ఉంది.

"స్వాములోరూ, నాను తినీసినాను. సేప ముక్క. పోయినమారు ఈ పిల్లని వరసలోంచి లాగీసినాను. ఇయాల నన్ను లాగడానికి ఎవులికీ దైర్నం నేదు. నానే ఎల్లిపోతన్నాను."

అంతే, ఏడ్చేసింది. ఆవిడ కంట నీరు పేట అదే చూడటం.

స్వాములవారు గడియారం తీశారు. "ఆగమ్మా. రోము నుంచి వచ్చిన కొత్త కబురు నాకు ఈమధ్యే అందింది. అర్ధరాత్రి లెక్క పోయింది. తిన్నాక మూడు గంటలాగితే చాలు. కాకపోతే, ఇప్పుడే పూజ మొదలెడితే నీకు వేళ చాలదు."

"నా కోసరం ఆపకండి బాబూ. అందరూ పస్తున్నారు."

"ఆపండి స్వాములోరూ!" లీలమ్మ లేచి నిలబడింది. "అత్త నేకుండా పూజేటి? మాం కూకుంటాం."

ఎవరూ కాదనలేదు. ఇసుకలో సైకిలు తోసుకుంటూ వచ్చిన స్వాములవారూ పస్తే. ఆయన వస్త్రాలు విప్పి చాప మీద కూర్చున్నారు. జపమాల మీద జపమాల నడిచింది. పులుసు వాసన గుడి నిండా కమ్ముకుంది. "ఈ వాసనకి పరలోకంలో పునీతులు కూడా దిగొచ్చీగల్రు" అన్నాడు జపాలు చెప్పించే ఉపదేశి ఫిలిప్పు. కాని మగ్దలీన గతి చూశాక ఆ కుండ మూత తియ్యడానికి ఒక్కరికీ గుండె చాల్లేదు.

పొద్దెక్కాక పూజ జరిగింది. సత్ప్రసాదం వేళ మగ్దలీన లీలమ్మ కొంగు పట్టుకుంది. ఈసారి ముందుకు లాగింది, తనకంటే ముందుకు. తర్వాత తాను మోకరించి నాలుక చాపింది. ఇంతమంది ఆకలి ఓర్చి తన కోసం ఆపిన ప్రభువు, వచ్చాడు. ఆవిడ గుండె నిండిపోయింది.

భోజనాలకి కూర్చున్నారు. మొదటి ముద్దకే అందరి మొహాలూ ఒకలా అయ్యాయి. పులుసులో ఉప్పు చాలలేదు. చాలలేదని కనిపెట్టిన మనిషి వేయడం మరిచిపోయింది. స్వాములవారితో సహా అందరూ తలొంచుకుని తింటూనే ఉన్నారు.

మగ్దలీన ఒక ముద్ద తిని, లేచి, ఉప్పు తెచ్చి మొదట లీలమ్మ ఆకులో వేసింది.

"వచ్చేమారు పులుసు నువ్వొండు."

"మరి నువ్వేటి సేత్తావత్తా?"

"నానా? నోటికి గుడ్డ కట్టుకుని కూకుంటాను."