సాంఘిక శాస్త్రం వేషంలో గూఢచారి

నేను ఒక గూఢచారి నవలను. నా కథానాయకుడు చిత్రభానుకి పదహారేళ్ళు. మీసం సరిగా రాలేదు గానీ ఏడు దేశాల జైళ్ళ నుంచి తప్పించుకున్నాడు. వాడికి అమ్మానాన్నలు లేరు. నా రచయిత మొదటి పేజీలోనే వాళ్ళని విమాన ప్రమాదంలో పోగొట్టేశాడు. అదెంత తెలివైన పనో నాకు మృదుల ఇంట్లో తెలిసొచ్చింది.

విజయవాడలో ఒక ఇరుకు ప్రెస్సులో, పెళ్ళి శుభలేఖల మధ్య పుట్టాను. ఎర్రటి అట్ట, దాని మీద మంచుకొండ, పిస్తోలు పట్టుకున్న కుర్రాడు. బస్టాండు పుస్తకాల కొట్టులో ఎండకి వెలిసిపోతుంటే మృదుల మేనమామ కొన్నాడు. చిలకలూరిపేటలో తొమ్మిదో తరగతి చదివే మేనకోడలి చేతిలో పెట్టి, "మీ నాన్న కంట పడనీకే" అన్నాడు.

నాన్న పున్నారావు గారికి ఎరువుల కొట్టు. కథల పుస్తకాలంటే ఒళ్ళుమంట. "ఇంకోసారి నీ చేతిలో నవల కనబడిందంటే హాస్టల్లో పడేస్తా" అని అప్పటికే చెప్పి ఉన్నారు. అన్న మాట మీద నిలబడే మనిషి. అమ్మ పక్కన పడుకుంటే తప్ప నిద్రపట్టని మృదులకి ఆ మాటంటేనే వణుకు. అందుకని నాకు ఖాకీ అట్ట వేసి, లేబుల్ మీద గుండ్రంగా 'సాంఘిక శాస్త్రం' అని రాసింది.

దసరా వచ్చింది. పిల్లల పుస్తకాలు సరస్వతీ పూజలో పెట్టడం, విజయదశమి పొద్దున వాటిలో ఒకటి తీసి పైకి చదివించడం ఆ ఇంటి ఆచారం. వాళ్ళమ్మ బల్ల మీదున్నవన్నీ ఎత్తుకెళ్ళి అమ్మవారి ముందు పెట్టేసింది. నాకు పసుపు, కుంకుమ, పైన ఒక బంతిపువ్వు. పిస్తోలు పట్టుకున్నవాడికి ఇంత మర్యాద ఏ దేశంలోనూ జరిగి ఉండదు. పూజలో పెట్టిన పుస్తకం ముట్టుకోకూడదు కాబట్టి మృదుల దూరం నుంచి నన్నే చూస్తూ కూర్చుంది.

దశమి పొద్దున పున్నారావు గారు సరిగ్గా నన్నే తీశారు. "ఏదీ, సోషల్ చదువమ్మా."

మృదుల ఒక పేజీ తెరిచింది. "హిమాలయాలలో ఆ కనుమ చాలా ఎత్తున ఉంది. శీతాకాలంలో దారి మూసుకుపోతుంది." తర్వాతి వాక్యంలో శత్రువుల జీపు ఉంది. మృదుల దాని బదులు గొర్రెల కాపరుల్ని నడిపించింది. తుపాకుల చోట ఉన్ని నేయించింది, బాంబుల చోట బార్లీ పండించింది. నా రచయితకి ఇంత చురుకుదనం లేదు, ఒప్పుకోక తప్పదు.

పున్నారావు గారు కళ్ళు తుడుచుకున్నారు. "దీనికి సోషలంటే ఇంత ఇష్టమని నాకు తెలవనే లేదు. ఇట్టాంటి పిల్లని ఇంట్లో ఉంచి చెడగొట్టకూడదు. గుంటూర్లో కలెక్టరు చదువుకి చిన్నప్పట్నించే తయారుచేసే హాస్టలుందంట. పండగెళ్ళగానే చేర్పిద్దాం."

మృదుల నన్ను పెట్టె అడుగున సర్దుకుంది. నిజం చెప్పినా హాస్టలే కదా.

హాస్టల్లో పెట్టె తనిఖీ చేసిన వార్డెన్ సరళ మేడం నా లేబుల్ చూసి తెగ మెచ్చుకుంది. మృదుల మాత్రం నన్ను తెరవడమే మానేసింది. దిండు కింద పెట్టుకుని ఏడ్చేది.

ఒక సాయంత్రం స్టడీ అవర్లో నన్ను బయటికి తీసి, ఖాకీ అట్ట నిదానంగా విప్పేసింది. పిస్తోలు పైకి కనబడేలా బల్ల మధ్యలో పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంది. మేడం వస్తుంటే పక్కపిల్ల జాలిపడి గబుక్కున నా మీద తన నోట్సు కప్పింది. మృదుల ఆ నోట్సు తీసి తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు పున్నారావు గారు పరుగున వచ్చారు. "అది సోషల్ పుస్తకమండీ, నా చెవులతో నేను విన్నా" అని వాదించారు. మేడం నా అట్ట చూపించింది. "కథల పుస్తకాలు తెచ్చే పిల్లల్ని మేం ఉంచుకోమండీ. తీసుకెళ్ళండి" అంది.

నన్ను బీరువాలో పడేసింది. జప్తు చేసిన గాజులు, గోరింటాకు కోన్ల మధ్య ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మేడం నన్ను రెండుసార్లు చదివింది, తలుపు గడియ పెట్టుకుని.

ఆ రోజు మృదుల పెట్టె మోసుకుంటూ మెట్లు దిగుతుంటే, వాళ్ళ నాన్న తిట్లు బీరువాలోకి కూడా వినబడ్డాయి. గేటు దాకా తిడుతూనే ఉన్నారాయన. చదువు, పరువు, మేనమామ, అన్నీ వచ్చాయి ఆ తిట్లలో. హాస్టల్ అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.